ఒంట్లో సంగతి అడగరాదు

...అయినా తుమ్ము ఎవరిది? ముక్కులో ఉన్నంతసేపూ ఆ మనిషి సొంతం, బయటికి వచ్చాక పదిమందిదీ. మాట కూడా అంతేగా. మాటనైతే కాస్త ఆపుకోవచ్చు. మరి మాటకి లేని గోప్యత తుమ్ముకి ఎందుకివ్వాలి? కెప్టెన్ గొట్టిముక్కల నరసరాజు బ్రీఫింగ్ గదిలో ఒంటరిగా కూర్చుని, బల్ల మీది సీలు వేసిన కవరును చూపుడువేలితో అటూ ఇటూ జరుపుతూ ఈ ఆలోచనలో చాలా దూరం వెళ్ళిపోయాడు.

కవరులో ఈడిగ భార్గవి అనే అమ్మాయి మెడికల్ సర్టిఫికెట్ ఉంది. ఉందని నమ్మాలి. విమానం నడిపే పరీక్షకి వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా ఆ సర్టిఫికెట్ ఉందో లేదో ఎగ్జామినర్ చూసి తీరాలన్నది పాత నిబంధన. అందులో ఏముందో చూడనే కూడదన్నది ఈ శిక్షణ సంస్థ పెట్టుకున్న కొత్త నిబంధన. రెండింటినీ ఒకేసారి పాటించే ఉపాయం కూడా సంస్థే కనిపెట్టింది. ఎగ్జామినర్ కవరును తాకి, కింద "స్పృశించితిని" అని సంతకం పెడితే చాలు.

నరసరాజు స్పృశించాడు. కాగితం చల్లగా ఉంది. ఆ అమ్మాయి ఆరోగ్యం గురించి ఆయనకి తెలిసిందల్లా అంతే.

ఇంతకీ ఇదంతా ఆయన నోటి మూలంగానే వచ్చింది. కిందటి వానాకాలం ఒక కుర్రాడు పరీక్షకి ముక్కు ఎగబీలుస్తూ వచ్చాడు. నరసరాజుది భీమవరం పక్క పల్లెటూరు. తలుపు తీయగానే "ఏంట్రా అలా చిక్కిపోయావ్" అనకపోతే వచ్చినవాడు నొచ్చుకునే ఇంట్లో పుట్టాడు. అలవాటు కొద్దీ వరండాలో పదిమంది ముందూ, "ఏం బాబూ, జలుబు చేసిందేంటి? మిరియాల పాలు తాగి పడుకోలేకపోయావా?" అన్నాడు. ఆ కుర్రాడు పైకెళ్ళి, రన్‌వే అనుకుని పక్కనున్న తారురోడ్డు మీద దిగబోయాడు. రోడ్డు మీద అప్పటికే ఒక ట్రాక్టరు ఉంది. పరీక్ష తప్పాడు. వారం తిరక్కుండా వకీలుగా పనిచేసే వాళ్ళ మేనమామ సంస్థకి నోటీసు పంపాడు. మా వాడి శ్వాసకోశ రహస్యాన్ని సాక్షుల ఎదుట బట్టబయలు చేశారు, అర్హత లేకుండా వైద్యం చెప్పారు, ఆ మనస్తాపంలో మా వాడి కంటికి రోడ్డు రన్‌వేలాగా కనిపించింది, అని.

సంస్థ భయపడింది. భయపడ్డ సంస్థ ఏం చేస్తుందో అదే చేసింది. ఒక విభాగం పెట్టింది. పేరు వైమానిక ఆరోగ్య గోప్యతా పరిరక్షణ విభాగం. దానికి అధిపతిగా ఉపద్రష్ట కామేశం గారిని తీసుకొచ్చారు. ఆయన అంతకుముందు గిడ్డంగుల శాఖలో పనిచేశాడు. లోపల ఉన్నది బయటికి పొక్కకుండా చూడడంలో ఆయనకి పాతికేళ్ళ అనుభవం ఉందని అందరూ ఒప్పుకున్నారు.

తొలిరోజు ప్రసంగంలోనే కామేశం గారు విషయంలోకి దిగాడు.

"'బాగున్నారా' అనునది పలకరింపు అని మీలో కొందరు భ్రమపడుచున్నారు. అది రోగనిర్ధారణలో ప్రథమ సోపానము. ఇకమీదట ఈ ప్రాంగణములో ఎవరును ఎవరినీ ఆ ప్రశ్న వేయరాదు."

"మరి ఎదురుపడితే ఏమనాలండీ?" అన్నాడు వెనకబెంచీ ఇన్‌స్ట్రక్టరు ఒకాయన.

"'ఉన్నారా' అనవచ్చును. ఉనికి బహిరంగ సమాచారము. స్థితి ఆంతరంగికము."

"ఎవరైనా దగ్గితేనండీ?" అని నరసరాజు అడిగాడు. తన మూలంగా వచ్చిన విభాగం కాబట్టి కాస్త శ్రద్ధ చూపించాలనిపించింది.

"దగ్గును శబ్దముగా మాత్రమే స్వీకరించవలెను కెప్టెన్ గారూ. కిటికీ తలుపు కొట్టుకున్నప్పుడు మీరు దానికి మిరియాల పాలు ఇత్తురా?"

హాలంతా నవ్వింది. నరసరాజు కూడా నవ్వాడు.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. ఎవరైనా చక్కెర లేని టీ అడిగితే వాళ్ళకి షుగరుందని తెలిసిపోతుంది, అల్లం టీ అడిగితే గొంతు బాగాలేదని తెలిసిపోతుంది. అందుకని క్యాంటీన్‌లో అందరికీ ఒకే టీ నిర్ణయించారు. క్యాంటీన్ నడిపే నాగప్పది ధర్మవరం. ఎవరేం తాగుతారో వాళ్ళు కూర్చోకముందే చెప్పగల మనిషి. ఇప్పుడు ఆ తెలివంతా విభాగం స్వాధీనంలోకి వెళ్ళిపోయింది.

"సగం చక్కెర, సగం అల్లం సార్," అన్నాడు నరసరాజు ముందు గ్లాసు పెడుతూ. "షుగరున్నోళ్ళకీ బాగల్యా, లేనోళ్ళకీ బాగల్యా. ఒగటి మాత్రం చెప్పల్ల, అందరికీ సమానంగా బాగల్యా."

కళ్ళజోడు ఉన్నవాళ్ళకి చూపు తక్కువని తెలిసిపోతోందని అందరికీ నల్ల కళ్ళజోళ్ళు ఇచ్చారు. చేతులు వణికేది కనిపించకుండా చేతొడుగులు వచ్చాయి. లావూ సన్నం కూడా ఆరోగ్య సమాచారమే కనక మోకాళ్ళ దాకా ఒకే కొలత కోట్లు వచ్చాయి. చివరికి ప్రాంగణంలో అందరూ ఒకే దుకాణంలో అమ్మకానికి నిలబెట్టిన బొమ్మల్లా తిరగసాగారు. బొంగురు గొంతుల సమస్య మీద ఉపసంఘం వేశారు. ఉపసంఘంలో ఒక సభ్యుడికి గొంతు పోయింది. ఆ సంగతి బయటపెట్టకూడదు కాబట్టి, ఆయన మౌనాన్ని ఏకాభిప్రాయంగా రాసుకున్నారు.

నరసరాజు దేనికీ అడ్డు చెప్పలేదు. అందుకు ఆయన కారణం ఆయనకుంది.

రెండు నెలలుగా, తల గబుక్కున పక్కకి తిప్పితే ఆయన చుట్టూ లోకం గానుగలా తిరుగుతోంది. మొదటిసారి స్నానాల గదిలో, తర్వాత మెట్ల మీద. ఒకట్రెండు నిమిషాలు ఏది పైనో ఏది కిందో తెలియదు. డాక్టరు దగ్గరికి వెళితే ఆయన చెప్పే మొదటి మాట ఏమిటో పైలట్లందరికీ తెలుసు. ఆ మాట తర్వాత నరసరాజుకి మిగిలేది సంస్థ క్వార్టరులో ఒక గది, ఒక కుక్కరు, కిటికీలోంచి ఎవరో నడిపే విమానాల చప్పుడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే నేల మీద ఉండే తీరిక లేక అనేవాడు. ఇన్నాళ్ళూ అది చమత్కారం అనుకున్నాడు.

మొదట్లో తోటివాళ్ళు, "ఏం రాజుగారూ, గోడ పట్టుకుని నడుస్తున్నారేంటి?" అని అడగడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే నిబంధన వచ్చింది. ప్రశ్నలు ఆగిపోయాయి. గోడ పట్టుకుని వస్తున్న ఆయన్ని చూసి, శిక్షణ పొందిన మనుషుల్లా, అందరూ మర్యాదగా నోటీసు బోర్డు వైపు చూడసాగారు. తన రోగానికి సాక్షాత్తూ సంస్థ ముద్ర ఉన్న దుప్పటి కప్పినట్టయింది. కొన్నాళ్ళు ఆ వెచ్చదనం బాగుంది. తర్వాత్తర్వాత, తను వస్తుంటే మొహాలు తిప్పుకునే మనుషుల మధ్య నడవడం వింతగా తోచింది. చచ్చిపోయినవాడు కూడా ఇలాగే తన ఇంట్లో తిరుగుతాడేమో అనుకున్నాడొకసారి. ఆ ఆలోచనని కూడా స్పృశించి వదిలేశాడు.

"సార్, రమ్మంటారా?"

తలుపు దగ్గర నల్ల కళ్ళజోడు, చేతొడుగులు, పెద్ద కోటు. లోపల భార్గవి ఉందని గొంతుని బట్టి తెలిసింది. వాళ్ళ నాన్న అనంతపురం డిపోలో బస్సు డ్రైవరు. విమానాల్లో కట్టే తెర ఇంకా కుట్టించలేదని ఆమె పరీక్ష ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. నెలాఖరులోగా లైసెన్సు చేతికి రాకపోతే, ఆమెకి ఇస్తామన్న ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"రామ్మా. తెర వచ్చిందిట."

వచ్చింది. శిక్షణ విమానంలో ముందున్న రెండు సీట్ల మధ్య, పైకప్పు నుంచి కింది దాకా, ఆసుపత్రి రంగు ఆకుపచ్చ బట్ట వేలాడుతోంది. పరీక్షకి వచ్చినవాళ్ళ మొహంలో నెత్తురున్నదీ లేనిదీ ఎగ్జామినర్‌కి కనిపించకుండా ఉండడానికి అది. దాని పక్కన నిలబడి కామేశం గారు కొత్త ఇంటికి గుమ్మం ఎత్తినవాడిలా చూసుకుంటున్నాడు.

భార్గవి తెరని ఒకసారి జరిపి చూసింది. "సార్, తెర ఉంటే కుడిపక్క ఏదన్నా విమానం వస్తే నాకెట్ల కనపడల్ల?"

"కుడిపక్క ఎగ్జామినర్ వారు ఉందురు. వారు చూచి నీకు చెప్పెదరు."

"ఎడమపక్కది ఆయనకి కనపడదు గదా?"

"దానిని నీవు చూచి వారికి చెప్పవలెను."

"ముందరొస్తే?"

"ముందర ఇరువురికిని చెరిసగము," అన్నాడు కామేశం. "భద్రతలో గోప్యత మిళితము చేయబడినది. అభ్యంతరమున్నచో రాతపూర్వకముగా ఇవ్వుము, రానున్న త్రైమాసికములో పరిశీలించెదము."

"అభ్యంతరమేమీ ల్యా సార్," అంది భార్గవి తొందరగా. నెలాఖరు దగ్గర పడుతోంది.

గోప్యత సరిగా అమలవుతోందో లేదో చూడడానికి కామేశం గారు వెనక సీట్లో ఎక్కాడు. ఆయన విమానం ఎక్కడం అదే మొదటిసారి. బెల్టు ఎలా పెట్టుకోవాలని అడగడం కూడా ఏదో రకంగా ఆరోగ్య సమాచారమే అవుతుందనుకున్నాడో ఏమో, దాన్ని నడుముకి తువ్వాలులా ముడివేసుకున్నాడు. నరసరాజు చూసి, విప్పి సరిగ్గా పెట్టాడు.

భార్గవి చక్కగా నడిపింది. మొహం కనిపించకపోయినా, విమానం నడిపేవాళ్ళ మనసు సీటు కింది నుంచి తెలుస్తుంది. భయపడే చెయ్యి విమానాన్ని చిన్న చిన్నగా గిల్లుతుంది. ఈ అమ్మాయి చెయ్యి గిల్లడం లేదు. కింద వేరుశనగ చేలు, ఎర్రమట్టి దారులు, ఎండిన ఏరు. వెనక నుంచి ఏదో వింత శబ్దం వచ్చింది.

"కామేశం గారూ, కడుపులో తిప్పుతోందాండీ?"

"మీరు... ఊహించుచున్నారు!"

"ఎదురుగా ఉన్న సీటు జేబులో సంచీ ఉంటుంది."

"నాకు సంచీ అవసరమను విషయము మీకెట్లు తెలియవచ్చినది? నమోదు చేసుకొందును. ఇది... ఇది కేవలము శబ్ద..." ఆ తర్వాత వచ్చింది శబ్దం మాత్రమే కాదు. తెరకి ఇటున్న నరసరాజు, అటున్న భార్గవి నిబంధన ప్రకారం దాన్ని కిటికీ తలుపు చప్పుడుగా స్వీకరించారు. వాసన గురించి నిబంధనలో ఏమీ లేదు.

పరీక్షలో ఒక్క అంశం మిగిలింది. ఎగ్జామినర్ విమానాన్ని తన చేతిలోకి తీసుకుని, ఎక్కుతోందో పడుతోందో తెలియకుండా వంకర చేసి, కళ్ళు మూసుకున్న అభ్యర్థికి అప్పగిస్తాడు. కళ్ళు తెరిచి, దాన్ని దారికి తేవాలి.

"కళ్ళు మూసుకోమ్మా. కంట్రోల్స్ నావి."

"కంట్రోల్స్ మీవి సార్. మూసుకున్నా."

మూసుకుందని నమ్మాడు. విమానం ముక్కు పైకెత్తి, కుడి రెక్క వాల్చాడు. ఎంత వాలిందో చూసుకోవాలి. ఆ సంగతి చెప్పే పరికరం తెరకి అవతల ఉండిపోయింది. అందుకని మెడ సాచి, తల గబుక్కున తెర అంచు పక్కకి తిప్పాడు.

లోకం తిరిగింది.

ఈసారి మెట్లు లేవు, పట్టుకోవడానికి గోడ లేదు. చేలు తల మీదికి వచ్చాయి, ఆకాశం ఒళ్ళోకి దిగింది, మళ్ళీ చేలు. చేతిలో కంట్రోలు ఉందని తెలుస్తోంది, దాన్ని ఎటు తిప్పితే ఏది సరవుతుందో తెలియడం లేదు. ముక్కు కిందికి జారింది. ఇంజను మోత పెరగసాగింది. నలభై ఏళ్ళ అనుభవం చెవిలో చెబుతోంది, పడుతున్నాం అని. ఎటు అన్నది మాత్రం అనుభవానికి కూడా తెలియడం లేదు.

"సార్?" అంది తెర.

ఆయన కంట్రోలుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"సార్, మోత మారింది. కళ్ళు తెరవల్నా సార్?" ఏమైందని అడగడానికి వీల్లేదు కాబట్టి, నేర్పిన మాటే అడిగింది. "సార్... ఉండారా?"

"ఉన్నాను," అన్నాడు నరసరాజు. అది నిజమే. దానితో ఎవరికీ ఉపయోగం లేదు.

విచిత్రమేమంటే, ఆ గిరగిర మధ్యలో ఆయన మనసు ఒక మూల కూర్చుని లెక్క చూసుకుంటూనే ఉంది. అప్పగించే మాట ఒక్కటి అంటే చాలు. అన్నా ఎవరికీ ఏమీ తెలియదు. పరీక్షలో భాగమే కదా. ఈ మూల కూర్చున్న మనసు చాలా తెలివైనది, చాలా చిన్నది. నాలుక మాత్రం ఎండిపోయి అంగిలికి అతుక్కుపోయింది. దాన్ని పీకి తెచ్చుకున్నాడు.

"కంట్రోల్స్... నీవి."

"నావి!"

ఆ మాటతోపాటే విమానం మారిపోవడం సీటు కింద తెలిసింది. మోత తగ్గింది, రెక్కలు సరయ్యాయి, పొట్ట బరువెక్కింది, ముక్కు లేచింది. చేలల్లో పీకి ఆరేసిన వేరుశనగ మొక్కలు విడివిడిగా కనిపించేంత కిందికి వచ్చి, అక్కడి నుంచి పైకి వెళ్ళారు. మెల్లగా ఆకాశం ఆకాశం చోటికి, నేల నేల చోటికి వచ్చాయి.

"అద్భుతము," అన్నాడు వెనక నుంచి కామేశం గారు నీరసంగా. "పాఠ్యప్రణాళికలోని... అసాధారణ స్థితి... ఇదియేనా?"

"ఇదేనండి," అన్నాడు నరసరాజు.

"మా ఇన్‌స్ట్రక్టరు ఇంతలో సగం కూడా చెయ్యలేదు సార్," అంది భార్గవి. గొంతులో నవ్వు ఆగడం లేదు. "ఇంత లోతుకి తీసుకపోతారనుకోల్యా. భలే చేసినారు సార్!"

ఆ మెచ్చుకోలు ఆయన జీవితంలో విన్నవాటిలోకెల్లా బరువైనది.

దిగారు. భార్గవి నెగ్గింది. విమానం దగ్గరే చిన్న సభ జరిగింది. నల్ల కళ్ళజోళ్ళు, పెద్ద కోట్లు వరసగా నిలబడ్డాయి. కామేశం గారి కోటు ముందుభాగం తడిసి మరకలుగా ఉంది. వాటి మీద చూపు నిలపకుండా అందరూ ఆయన చెవుల వైపు చూశారు.

"నేడు చరిత్రాత్మక దినము," అన్నాడాయన, కోటు సర్దుకుని. "పరీక్ష ఆద్యంతము ఎవరి గురించియు ఎవరికిని ఏమియు తెలియరాలేదు. ఇదియే మనము కోరినది. తదుపరి అభ్యర్థి!"

తదుపరి అభ్యర్థి యశ్వంత్. పొడుగ్గా, సన్నగా ఉండే కుర్రాడని కోటులో కూడా తెలుస్తోంది. నరసరాజు వాడితో అంతకుముందు ఎగిరాడు. మంచివాడు, చదువులో దిట్ట. ఇంజను మోత మారితే మాత్రం బిగుసుకుపోతాడు. ఏం చెయ్యాలో తెలిసి కూడా, కదలడానికి కాసేపు పడుతుంది. మరో పదిహేను గంటలు ఎగిరితే ఆ జబ్బు తీరుతుందని ఇన్‌స్ట్రక్టరుకి ఆయనే చెప్పాడు. తీరిందో లేదో ఈ పూటే చూడాలి.

యశ్వంత్ ఎక్కి కూర్చున్నాడు. తెర సర్దారు. నరసరాజు రెక్క కింది మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. పైకి చూశాడు. మళ్ళీ మొదలైంది. ఈసారి నెమ్మదిగా, పెద్ద పళ్ళెం తిప్పినట్టు. రెక్క కింది ఊతకమ్మిని రెండు చేతులతో పట్టుకుని, నుదురు దానికి ఆనించి నిలబడిపోయాడు.

కామేశం గారికి విషయం అర్థమైంది. అర్థమవడమే నేరం కాబట్టి గొంతెత్తి అరిచాడు.

"అందరునూ వెనుదిరుగుడు! ఒక వ్యక్తిగత సంఘటన జరుగుచున్నది! ఎవరునూ చూడరాదు, వినరాదు, ఊహించరాదు!"

బూట్లన్నీ ఒకేసారి గిరుక్కున తిరిగాయి. ఇన్‌స్ట్రక్టర్లు తిరిగారు. ఫ్లాస్కుతో వచ్చిన నాగప్ప తిరిగాడు. కామేశం గారు తనూ తిరిగి, అంతటితో తృప్తిపడక చేతులతో కళ్ళు మూసుకున్నాడు. విమానంలో యశ్వంత్ కూడా, ఇది పరీక్షలో భాగమో కాదో తెలియక, ముందుజాగ్రత్తగా కళ్ళు మూసుకున్నాడు. అందరికంటే దగ్గరగా, చెయ్యి చాపితే అందేటంత దూరంలో, భార్గవి వీపు.

నరసరాజు తల ఎత్తి చూశాడు. మైదానం మొత్తం వీపులే. ఇంతకంటే సంపూర్ణమైన గోప్యత దేవుడి దగ్గర కూడా దొరకదు. పళ్ళెం ఆగేదాకా ఇలాగే నిలబడి, ఆగాక మెట్టెక్కి, తలుపు వేసుకుని, కవరు స్పృశించి వెళ్ళిపోవచ్చు. ఏమీ జరగలేదని అందరూ నిజాయితీగా ప్రమాణం చేస్తారు. మనసులో ఆ మూల కూర్చున్న చిన్నవాడు అప్పుడే లెక్క మొదలుపెట్టాడు. కాసేపట్లో తగ్గిపోతుంది, మెడ తిప్పకుండా ఉంటే చాలు, కుర్రాడు బిగుసుకుపోకపోవచ్చు కూడా.

బిగుసుకుపోకపోవచ్చు. ఆ మాట దగ్గర నరసరాజు ఆగాడు. విమానంలో కళ్ళు మూసుకుని కూర్చున్న కుర్రాడి మెడ కోటు కాలర్‌లోంచి కొంచెం కనిపిస్తోంది. తోటకూర కాడలా ఉంది. వీడు సరిగ్గా తింటున్నాడా లేదా అనిపించింది. అడగడానికి నోరు దురదపెట్టింది. చాలా రోజుల తర్వాత కలిగిన ఆ దురద ఆయనకి హాయిగా ఉంది.

మెట్టు మీది కాలు కిందికి దించాడు. ఊతకమ్మి మీంచి ఒక చెయ్యి తీసి, ముందుకి చాపి, భార్గవి భుజం తట్టాడు.

"ఇటు తిరగమ్మా," అన్నాడు, అన్ని వీపులకీ వినబడేలా. "నాకు కళ్ళు తిరుగుతున్నాయి. కాస్త పట్టుకో."